పీహెచ్‌డీ సీటొస్తే సాలదు, సంతకాలు కావాలె

యూనివర్సిటీల పీహెచ్‌డీ నోటిఫికేషన్ పడ్డా, నెట్ ఫలితాలు వచ్చినా మన పల్లె పిల్లల వాట్సాప్ గ్రూపులల్ల ఒక్కటే ప్రశ్న తిరుగుతది. "నాకు పెండ్లయింది, ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్తున్న. ఇప్పుడు పీహెచ్‌డీ చెయ్యొచ్చా?" అడిగేటోళ్లల్ల ముప్పై దాటినోళ్లుంటరు, చంటిపిల్లల తల్లులుంటరు, సర్కారు బడి పంతుళ్లుంటరు. జవాబు చెప్పేటోళ్లు రెండు జట్లు. ఒక జట్టు "పట్టుదల ఉంటే ఏదైనా అయితది" అంటది. ఇంకో జట్టు "ఈ వయసుల నీకెందుకు, సంసారం చూస్కో" అంటది. రెండూ అక్కరకు రాని మాటలే.

చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు. రూలు అడ్డం లేదు. అసలు అడగాల్సింది వేరే ఉన్నది. నీకు టైం ఎవలిస్తరు? ఇస్తమని కాయిదం మీద సంతకం ఎవలు పెడ్తరు? పెండ్లయి, కొలువు చేసుకుంట రీసెర్చ్ చేసేటోళ్ల చదువు నిలవడ్డా, ఆగమైనా ఎక్కువ పాలు ఈ సంతకాల కాడనే. తెలివి తక్కువై ఆగేటోళ్లు చాన తక్కువ.

ముందుగాల రూలు ముచ్చట చూద్దాం. 2022 నవంబర్‌ల యూజీసీ పీహెచ్‌డీ కొత్త నిబంధనలు తెచ్చింది. అందుల వయసు పరిమితి లేదు. పార్ట్‌టైం పీహెచ్‌డీకి ఒప్పుకున్నది. కోర్సువర్కుతోని కలిపి కనీసం 3 ఏండ్లు, ఎక్కువల ఎక్కువ 6 ఏండ్లు. గడువు దాటితే మళ్ల రిజిస్టర్ చేసుకొని ఇంకో 2 ఏండ్లు, అంటే 8. ఆడోళ్లకు, 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉన్నోళ్లకు ఇంకో 2 ఏండ్ల సడలింపు, మొత్తం 10. కాన్పుకు, పిల్లల సాకుడుకు ఆడ స్కాలర్లకు మొత్తం కోర్సుల 240 రోజుల దాక సెలవు ఇయ్యొచ్చన్నరు. థీసిస్ ఇచ్చేకన్న ముందు జర్నల్‌ల పేపర్ అచ్చయి ఉండాలన్న పాత షరతు ఎత్తేసిండ్రు. ఎంఫిల్‌ను బందువెట్టిండ్రు. ఇంకో మాట గట్టిగ గుర్తు పెట్టుకోండ్రి: దూరవిద్యల, ఆన్‌లైన్‌ల చేసే పీహెచ్‌డీ చెల్లదు. "ఇంట్ల కూసొని రెండేండ్లల్ల డాక్టరేట్" అని ఫేస్‌బుక్‌ల ఆడ్ కనవడితే పైసలు పొయ్యే తొవ్వ అని తెలుసుకోవాలె. పార్ట్‌టైం వేరు, ఆన్‌లైన్ వేరు.

కాయిదం మీద చూస్తే సంసారం ఉన్నోళ్లకు, కొలువు ఉన్నోళ్లకు తలుపు తెరిచినట్టే ఉన్నది. దేశం లెక్కలు కూడ అట్లనే కనవడ్తయ్. ఉన్నత విద్య సర్వే చూస్తే పీహెచ్‌డీల చేరి ఉన్న ఆడోళ్లు 2014-15ల దగ్గర దగ్గర 48 వేలు. 2021-22 వరకు అది 99 వేల దాక వచ్చింది. ఏడేండ్లల్ల రెండింతలు. మంచిదే. ఇది చేరినోళ్ల లెక్క మాత్రమే. చేరినంక ఎందరు నడిమిట్ల ఆగిండ్రు, ఎందుకు ఆగిండ్రు అన్నది ఈ లెక్కల కనవడదు. మా ముచ్చట ఆ ఆగినోళ్ల గురించే.

మొదటి సంతకం కొలువు ఇచ్చినోళ్లది. పార్ట్‌టైంల చేరాలంటే పని చేసే కాడికెళ్లి ఎన్ఓసీ తేవాలె. ఆ ఎన్ఓసీల మూడు మాటలు ఉండాలని రూలే చెప్తున్నది. ఒకటి, ఈ మనిషి పార్ట్‌టైం చదువుకు మేం ఒప్పుకున్నం. రెండు, ఈయన చేసే డ్యూటీల రీసెర్చ్‌కు సరిపోయేటంత టైం దొరుకుతది. మూడు, అవసరమైతే కోర్సువర్కుకు డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తం. ఇగ చెప్పుండ్రి, ఇంటర్ పిల్లలకు పొద్దుగాల నుంచి మాపటి స్టడీ అవర్ దాక లెక్చరర్‌ను కూసోవెట్టే ప్రైవేటు కాలేజీ యాజమాన్యం ఆ రెండో మాట మీద ఎట్ల సంతకం పెడ్తది? పెడితే అబద్ధమైతది. పెట్టకుంటే మన సీటు పోతది.

దానికి తోడు మన దిక్కు ఇంకో రోగం ఉన్నది. కొన్ని ప్రైవేటు కాలేజీలు, స్కూళ్లు చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువల పెట్టుకుంటయ్. ఏడాది నడుమ పోవద్దని. యూనివర్సిటీల అడ్మిషన్ నాడు ఒరిజినల్స్ చూపియ్యాలె. అడిగితే "ఎందుకు? కొలువు ఇడిసిపెడ్తవా?" అని ఎదురు ప్రశ్న. చదువు చెప్పే కాడనే చదువుకుంటనంటే అనుమానంగ చూసుడు, అంతకంటే అన్నాలం ఏముంటది.

సర్కారు జూనియర్ కాలేజీల గెస్ట్ లెక్చరర్ల కత ఇంకో తీరు. పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్లు మించొద్దు. అంటే ఎంత చేసినా 28,080 రూపాయలు. ఎండాకాలం సెలవులల్ల అదీ లేదు. వాళ్లకు ఎన్ఓసీ ఎవలియ్యాలె? వచ్చే ఏడాది తనకే కొలువు ఉంటదో లేదో తెల్వని మనిషికి, ఆరేండ్ల చదువుకు టైం ఇస్తనని ప్రిన్సిపాల్ ఎట్ల రాసిస్తడు? రూలు రాసినోళ్ల కండ్ల ముంగట పర్మనెంట్ ఉద్యోగి ఉన్నడు. మన ఊర్లల్ల పీజీ చేసినోళ్లు ఎక్కువమంది ఆ లెక్కల లేరు. పర్మనెంట్ సర్కారు టీచర్‌కు హక్కుల బలం ఉన్నది గని, ఆయన ఫైలు కింది ఆఫీసు నుంచి పై ఆఫీసు దాక నడిచేటాలకు అడ్మిషన్ తారీఖు దాటిపోతది.

గీ తిప్పలు పడలేక కొందరు ఫుల్‌టైం స్కాలర్ అని రాయించుకొని, చాటుకు కొలువు చేస్తరు. మొదటి ఏడు బాగనే నడుస్తది. తర్వాత గైడ్ పిలిచిన నాడు పోలేరు, కాలేజీల చెప్పుకోలేరు, ఇంట్ల చెప్పినా ఎవలకు సమజు కాదు. ఫెలోషిప్ తీసుకుంట జీతం తీసుకున్నట్టు బయటపడితే పైసలు తిరిగి కట్టమంటరు. దీన్ని నేను తప్పు పట్టుడు కంటే, ఆ తొవ్వల పడేసిన ఎన్ఓసీ ఏర్పాటును ఎక్కువ తప్పు పడ్త. అయినా చెప్తున్న, ఆ తొవ్వ మంచిది కాదు.

కోర్సువర్కు ముచ్చట కూడ చెప్పుకోవాలె. 12 నుంచి 16 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కు 15 గంటల క్లాసు అనుకుంటే 12 క్రెడిట్లకు 180 గంటలు. రోజుకు ఆరు గంటల లెక్కన నిండ 30 రోజులు. అందుల 55 శాతం మార్కులు రాకుంటే ముందుకు పోనియ్యరు. జమ్మికుంటల పాఠాలు చెప్పేటామె హన్మకొండల కాకతీయ యూనివర్సిటీల చేరింది అనుకోండ్రి. కాజీపేట దాక రైలు, అక్కడికెళ్లి ఆటో. పోయి వచ్చుడుకే సగం పూట. ఆ 30 రోజులు ప్రైవేటుల జీతం కోస్తరు. కోసుడు వేరు, కొలువే తీసేసుడు వేరు. చాన మంది ఈ మొదటి ఆరు నెలలల్లనే చేతులెత్తేస్తరు. రీసెర్చ్ కష్టమై కాదు, వాళ్లు రీసెర్చ్ దాక పోనే పోలే.

రెండో సంతకం గైడ్‌ది. దీని మీద తక్కువ చెప్త, ఎందుకంటే ఇది అందరు స్కాలర్లకు ఉన్న బాధే. గని పల్లెలకెళ్లి వచ్చి, కొలువు చేసేటోళ్లకు ఒక లెక్క తెలిసి ఉండాలె. పర్మనెంట్ ఫ్యాకల్టీనే గైడ్ కావాలె. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోవద్దు. రిటైర్మెంట్ మూడేండ్ల లోపల ఉన్నోళ్లు కొత్తోళ్లను తీసుకోవద్దు. మన రాష్ట్ర యూనివర్సిటీలల్ల కాంట్రాక్టు, పార్ట్‌టైం లెక్చరర్లతోని డిపార్ట్‌మెంట్లు నడుస్తున్న సంగతి అందరికీ ఎరుకే. వాళ్లు పాఠం చెప్తరు, గైడ్ కాలేరు. అంటే ఖాళీ పోస్టు ఒక్కటి నిండకుంటే నలుగురు స్కాలర్ల జాగ పోయినట్టు. నిజామాబాద్ దిక్కు తెలంగాణ యూనివర్సిటీ, పాలమూరు, శాతవాహన, నల్లగొండ మహాత్మాగాంధీ, ఇవన్ని 2006, 2008 నడుమ పుట్టినయ్. ఇంటి దగ్గర చదువు కావాలన్నోళ్లకు ఇవే దిక్కు. సంసారం ఉన్న మనిషి హైదరాబాద్ పోయి హాస్టల్‌ల ఉండలేడు కదా. అక్కడ పోస్టులు నింపుడు అంటే కొలువుల ముచ్చట ఒక్కటే కాదు, ఇంటికాడికెళ్లి చదివేటోళ్ల సీట్ల ముచ్చట.

మూడో సంతకం ఏ ఫారం మీద ఉండదు. అది ఇంట్లోళ్లది. అన్నిటికంటే బరువు దానిదే.

2023ల అనంతపురం జిల్లా శింగనమల మండలం నాగులగూడెం నుంచి సాకే భారతి గారి ఫొటో అన్ని పేపర్లల్ల వచ్చింది. ఇంటర్ అయినంక మేనమామతోని పెండ్లి, కైకిలి పనికి పోకుంటే ఇల్లు గడవదు, ఒక బిడ్డ. అట్లనే డిగ్రీ, పీజీ చేసి, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీల కెమిస్ట్రీల డాక్టరేట్ తెచ్చుకున్నది. మన దిక్కు 2022 అక్టోబర్‌ల సీతక్క ఉస్మానియాల పొలిటికల్ సైన్స్‌ల పీహెచ్‌డీ పొందింది. వలస వచ్చిన గొత్తికోయల బతుకుల మీద థీసిస్. అప్పటికి ఆమెకు 51 ఏండ్లు, ములుగు ఎమ్మెల్యే. ఇద్దరినీ చూస్తే ఛాతి ఉబ్బుతది, అది వేరే చెప్పాల్సిన పని లేదు.

గని ఆ వార్తలు మనం ఎట్ల చదువుతున్నం? "చూడు, కైకిలి చేసేటామెకే అయింది, నీకేం రోగం" అని. భారతి గారి వెనుక ఆమె భర్త నిలవడ్డడని ఆ వార్తలల్లనే రాసిండ్రు. ఆ ఒక్క వాక్యాన్ని మనం దాటేస్తం. చేను పని చేసి వచ్చిన మనిషి పుస్తకం తీసిందంటే, ఆ పూట పొయ్యి కాడ ఎవలో ఒకలు కూసున్నట్టే. ఆ ఎవలో ఒకలు లేని ఇంట్ల ఎంత పట్టుదల ఉన్నా రాత్రి పదకొండుకు కండ్లు మూతలు పడ్తయ్. ఒక్కల గెలుపును పదిమందికి కొలబద్ద చేసుడు, ఆగిపోయినోళ్ల మీద నింద ఏసుడే అయితది.

ఇది ఉత్త మాట కాదు, లెక్క ఉన్నది. కేంద్రం 2024ల చేసిన టైం యూజ్ సర్వే ప్రకారం, ఇంటి పని చేసే ఆడోళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడ్తున్నరు. చేసే మగోళ్లు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు, అంటే రోజుకు మూడు గంటల 21 నిమిషాలు. ఐతారం లేదు, పండుగ లేదు. దీన్ని ఆరేండ్ల పీహెచ్‌డీకి కొట్టి చూడుండ్రి. 7,300 గంటలు దాటుతది. రోజుకు ఎనిమిది గంటల పని దినం లెక్కన 917 రోజులు. రెండున్నర ఏండ్లు!

ఇప్పుడు మళ్ల రూలు కాడికి పోదాం. ఆడోళ్లకు యూజీసీ ఇచ్చిన అదనపు సడలింపు ఎంత? రెండేండ్లు. "ఆడోళ్లకు స్పెషల్‌గ రెండేండ్లు ఎందుకు, సమానత్వం అంటరు కదా" అని కొందరు తమ్ముళ్లు కామెంట్లు పెడ్తుంటరు. తమ్మీ, ఆ రెండేండ్లు దయ కాదు. ఇంట్ల తీసుకున్న రెండున్నర ఏండ్ల బాకీల కొంత వాపసు ఇచ్చుడు, అంతే. అందుల కాన్పు లెక్క, పిల్లలకు జరమొచ్చిన రోజుల లెక్క నేను కలపనే లేదు.

మగ స్కాలర్ల దిక్కు కూడ చూడాలె. పెండ్లయిన మగాయన పీహెచ్‌డీ చేస్తే ఆయన థీసిస్ ముందు పేజీల భార్యకు కృతజ్ఞతలు రాస్తడు. ఆమె ఓర్పుకు, ఆమె త్యాగానికి అని. ఆ త్యాగం ఏందంటే అదే 201 నిమిషాలు. ఆయన చదువు ఆమె టైం మీద నడిచింది. ఆమె చదవాల్నంటే ఆమె నిద్ర మీద నడవాలె. మగాయనకు బాధ లేదంటలేను. ముప్పై ఐదేండ్ల వచ్చినా "ఇంకా చదువేనా" అని బంధువుల ముంగట తలదించుకునుడు, పిల్లల ఫీజు కట్టే నెల ఫెలోషిప్ రాకపోవుడు, ఆ అవమానం చిన్నదేం కాదు. ఆయనకు చదువుకునే జాగ దొరకక కాదు, సంపాదించని మొగోడు అన్న పేరు మోయలేక ఇడిసిపెడ్తడు. ఆమె జాగ దొరకకనే ఇడిసిపెడ్తది. రెండు వేరు వేరు దెబ్బలు, రెండింటికి ఒకే మందు పనిచెయ్యదు.

ఇగ పైసల కాడికి వద్దాం. జేఆర్ఎఫ్ కొట్టినోళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్‌ల 42,000, ఇంటి అద్దె అలవెన్స్ వేరే. మంచి పైసలే. గని జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటొద్దు. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఐదేండ్ల సడలింపు. అది ఫుల్‌టైం చేసేటోళ్లకే. అంటే పెండ్లయి, పిల్లలు పుట్టి, కొంత నిలదొక్కుకొని మళ్ల పుస్తకం పట్టేటాలకు ఆ తలుపు మూసుకునే టైం అయితది. పార్ట్‌టైంల ఫెలోషిప్ లేదు. పైన ఫీజులు మనమే కట్టాలె. పెద్ద వయసుల చదివేటోళ్లకు పైసల దన్ను అసలే లేదనుకోవచ్చు.

2024 జూన్ నుంచి నెట్ స్కోరు మీద పీహెచ్‌డీ అడ్మిషన్లు తీసుకునే పద్ధతి కూడ వచ్చింది. జేఆర్ఎఫ్ రానోళ్లకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ స్కోరు ఏడాదే చెల్లుతది. పదేండ్ల కింద నెట్ పాసైన పంతులమ్మ ఆ తొవ్వల రావాల్నంటే మళ్ల పరీక్ష రాయాలె. ఒక్క పరీక్షతోని దేశమంతా తిరగొచ్చు అన్నది బాగనే ఉన్నది. ఎన్ఓసీకి ఎనిమిది నెలలు పట్టేటోళ్లకు ఏడాది గడువు అంటే మాత్రం గొంతు మీద కత్తే.

మరి ఇంత తిప్పలకు ఫలితం ఏంది అని అడుగుతరు. అడగాలె కూడ. యూనివర్సిటీల అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ కచ్చితం అని ఒకప్పుడు పెట్టిండ్రు. 2023 జులై నుంచి అది కచ్చితం కాదు, నెట్, సెట్, స్లెట్ చాలన్నరు. దాంతోని "ఇగ పీహెచ్‌డీ దండుగ" అని యూట్యూబ్‌ల ఒకటే లొల్లి. అది సగం నిజం. యూజీసీ 2018 నిబంధనలల్ల యూనివర్సిటీ పోస్టుల ఇంటర్వ్యూకు ఎవలను పిలవాలో తేల్చే మార్కుల పట్టిక ఒకటుంటది. అందుల వందకు పీహెచ్‌డీకి 30 మార్కులు. నెట్‌కు 5, నెట్ జేఆర్ఎఫ్‌కు 7. అంటే దరఖాస్తు పెట్టుకునుడుకు పీహెచ్‌డీ అక్కర లేదు, పిలుపు రావుడుకు అక్కర ఉన్నది. ఈ ముచ్చట తెల్వక నెట్ ఒక్కటి పట్టుకొని కూసుంటే ఇంటర్వ్యూ గది దాక కూడ పోలేం.

అట్లని కొలువు కోసమే చేస్తం అనుకుంటే నా సలహా వేరే. పోస్టులు పడుడు, కోర్టు కేసులు, ఆగుడు, మళ్ల పడుడు, ఈ చక్రం మనకు కొత్త కాదు. ఆరేడేండ్లు పెట్టి, నలభై దగ్గర పడి, అప్పుడు నోటిఫికేషన్ కోసం ఎదురు చూసే ఓపిక ఇంట్లోళ్లకు ఉన్నదా అన్నది ముందే మాట్లాడుకోవాలె. సర్కారు టీచర్, డిగ్రీ కాలేజీ లెక్చరర్ వంటి నిలకడ కొలువు ఉన్నోళ్లకు పార్ట్‌టైం పీహెచ్‌డీ నష్టం లేనిది. గెస్ట్‌గ, ప్రైవేటుల చేసేటోళ్లకు జేఆర్ఎఫ్ వయసు ఉంటే దానికే కొట్లాడుడు మేలు. ఆ వయసు దాటి, కొలువుకు భరోసా లేక, ఇంట్ల దన్ను లేకుంటే, చేరొద్దని చెప్పను గని ఇంకో ఏడాది ఆగి ఆ మూడింట్ల ఒక్కటన్నా సరి చేసుకొని చేరమంట. నడిమిట్ల ఇడిసిపెట్టిన పీహెచ్‌డీకి సర్టిఫికెట్ రాదు, ఎంఫిల్ కూడ లేకపాయె, ఖర్చయిన ఏండ్లకు చేతికి ఏం మిగలదు.

మాట్లాడుకునుడు అంటే ఏమేం? తేదీలతోని మాట్లాడాలె. కోర్సువర్కు ఏ నెలలల్ల ఉంటది, అప్పుడు పిల్లలను ఎవలు చూస్తరు, తల్లిగారింట్లనా అత్తగారింట్లనా. ప్రతి సెమిస్టర్‌కు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముంగట పోయి పని చూపియ్యాలె, ఆ వారం ఇంటి పని ఎవలది. ఫీల్డ్‌వర్కుకు ఊర్లు తిరగాల్నంటే తోడు ఎవలు. "నువ్వు చదువుకో, నేనేమన్న వద్దంటున్ననా" అన్న మాట మన ఇండ్లల్ల చాన వినిపిస్తది. వద్దనకపోవుడు వేరు, బువ్వ వండి పెట్టుడు వేరు.

పెండ్లి కాని చెల్లెండ్లకు ఒక ముచ్చట చెప్పాలె, ఇది చానమందికి తెల్వదు. పీహెచ్‌డీ నడుమ పెండ్లయి వేరే ఊరికి పోవాల్సి వస్తే, అప్పటిదాక చేసిన రీసెర్చ్ డేటాను పోయే కాడి యూనివర్సిటీకి మార్చుకునే హక్కు 2022 నిబంధనలల్లనే ఉన్నది. పెండ్లి వల్లనే కాదు, వేరే కారణంతోని ఊరు మారినా ఆడ స్కాలర్లకు ఇది వర్తిస్తది. షరతులు రెండు. ఆ పని ఏదన్న సంస్థ పైసలిచ్చి మంజూరు చేసిన ప్రాజెక్టుది కావొద్దు. చేసిన పనిల పాత యూనివర్సిటీకి, పాత గైడ్‌కు దక్కాల్సిన పేరు దక్కాలె. ఆదిలాబాద్ పిల్ల ఖమ్మం కోడలైతే చదువు సున్నా నుంచి మొదలు పెట్టాల్సిన పని లేదు. ఇక్కడ కూడ కొత్త కాడ గైడ్ ఖాళీ ఉండాలె, పాత కాడ కాయిదాలు ఇయ్యాలె. అందుకే పెండ్లి ఖాయం చేసుకునేటప్పుడు, బంగారం ఎంత, బండి ఏది అని ఇరు దిక్కుల పెద్దమనుషులు కూసున్న కాడనే, పిల్ల పీహెచ్‌డీ ఏ ఏడుల ఉన్నది, ఎక్కడ పూర్తి చేస్తది అన్నది కూడ మాట్లాడాలె. సిగ్గువడే ముచ్చట కాదిది.

ఇగ సర్కారును, యూనివర్సిటీలను అడగాల్సినయ్ ఉన్నయ్. ఇయ్యి పెద్ద బడ్జెట్ పనులు కావు. ఎన్ఓసీ కోసం దరఖాస్తు పెట్టినంక నెల రోజులల్ల అవునో కాదో రాతపూర్వకంగ చెప్పాలె, కాదంటే కారణం రాయాలె. కారణం కాయిదం మీద ఉంటే పైన అడగొచ్చు, నోటిమాట మీద అడగలేం. ఉద్యోగుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే ప్రైవేటు విద్యాసంస్థల మీద గుర్తింపు ఇచ్చే బోర్డులే చర్య తీసుకోవాలె. గెస్ట్, కాంట్రాక్టు లెక్చరర్లకు కాలేజీ ఎన్ఓసీ బదులు వేరే ఏర్పాటు కావాలె. పార్ట్‌టైం స్కాలర్ల కోర్సువర్కు ఎండాకాలం సెలవులల్ల, ఐతారాలల్ల పెట్టొచ్చు, 180 గంటలు అట్ల సర్దుబాటు అయితయ్. కమిటీ తారీఖులు ముందు రోజు ఫోన్ల చెప్పకుండ, ఏడాది మొదట్లనే ప్రకటిస్తే కొలువు కాడ సెలవు అడుగుడు, రైలు టికెట్ తీసుడు, పిల్లలను ఇడిసిపెట్టుడు అన్నీ అయితయ్.

ఆ 240 రోజుల సెలవు కాడ ఒక అక్షరం తేడా ఉన్నది. రూలుల "ఇయ్యొచ్చు" అని రాసిండ్రు, "ఇయ్యాలె" అని రాయలే. ఇయ్యొచ్చు అంటే ఇయ్యకపోవచ్చు కూడ. నిండు గర్భిణి డిపార్ట్‌మెంట్ ఆఫీసు ముంగట దరఖాస్తు పట్టుకొని నిలవడితే, ఆ క్లర్కు ఎన్నడన్న ఆ రూలు చదివిండా లేదా అన్న దాని మీద ఆమె చదువు ఆధారపడుతది. ప్రతి యూనివర్సిటీ తన సొంత పీహెచ్‌డీ ఆర్డినెన్సుల ఆ మాటను "ఇయ్యాలె" అని మార్చుకోవచ్చు. అడిగేటోళ్లు ఉంటే అయ్యే పనే. స్కాలర్ల సంఘాలు హాస్టల్ మెస్సు కోసం, ఫెలోషిప్ కోసం ధర్నాలు చేస్తయ్, చెయ్యాలె కూడ. క్యాంపస్‌ల ఉండని, ఐతారం పూట వచ్చి పొయ్యే పార్ట్‌టైం స్కాలర్లు ఆ ధర్నాలల్ల కనవడరు. వాళ్ల డిమాండ్ల కాయిదంల గీ ముచ్చటలు ఎక్కియ్యాలంటే, ముందు వాళ్ల పేర్లు ఆ సంఘం లిస్టుల ఎక్కాలె.